రంగం వెళ్ళినవాళ్ళు, తిరిగొచ్చినవాళ్ళు

మా హాస్టల్లో ఒక్కొక్కరికి ఒక్కో ట్రంకు పెట్టె ఉంటుంది. బట్టలు, పుస్తకాలు, ఇంటి నుంచి తెచ్చుకున్న జంతికలు, అమ్మ దాచుకోమని ఇచ్చిన పది రూపాయలు, అన్నీ అందులోనే. ఒకరోజు రాత్రి స్టడీ అవర్‌లో కరెంటు పోయింది. చీకట్లో కబుర్లు చెప్పుకుంటుంటే పెట్టెల మీదికి మాట మళ్ళింది. శ్రీకాకుళం జిల్లా సముద్రపు ఒడ్డు ఊరి నుంచి వచ్చిన మిత్రుడొకడు, "మా మామ్మ దగ్గర ఇంతకు రెండింతలు పెద్ద పెట్టె ఉంది. రంగం పెట్టె అంటారు" అన్నాడు. రంగమంటే బోనాల పండుగలో భవిష్యవాణి చెప్పడం అనుకున్నాం మేము. కాదట. రంగమంటే రంగూన్! బర్మా దేశపు రాజధానిగా ఉన్న నగరం. ఇప్పుడు ఆ దేశం పేరు మయన్మార్, నగరం పేరు యాంగోన్. రాజధాని కూడా 2000ల మధ్యలో నేపిడాకు మారిపోయింది.

దసరా సెలవులకు వాడితో పాటు మేము ముగ్గురం వాళ్ళ ఊరు వెళ్ళాం. పెట్టె చూశాం. బర్మా టేకుతో చేసింది. మూలలకు ఇత్తడి బద్దీలు. ఎనభై ఏళ్ళు దాటిన మామ్మ దాని మీద చెయ్యేసి, "మా తాత రంగం ఎల్లొచ్చి తెచ్చినాడు బాబూ ఈ పెట్టి. మా అయ్యా ఎల్లినాడు. అయితే ఆయన పెట్టీ తేలేదు, ఏటీ తేలేదు. నడిచొచ్చినాడు" అంది. రంగూన్ నుంచి నడిచి రావడమేమిటి, మధ్యలో సముద్రం ఉంది కదా అని మాకు అనుమానం. ఆ అనుమానంతోనే ఈ వ్యాసం మొదలైంది. వార్షికోత్సవ సంచికకు "చరిత్ర, ఘర్షణలు, వలసలు సమాజాన్ని ఎలా మారుస్తాయి" అనే అంశం మాకిచ్చారు. మేము రోములూ ఈజిప్టులూ వెతకలేదు. ఆ పెట్టె వెనకాలే నడిచాం.

ఊరు విడిచి ఎందుకు వెళ్ళారు?

బ్రిటిష్‌వాళ్ళు బర్మాను మూడు యుద్ధాలలో, 1824-26, 1852, 1885లలో ముక్కముక్కగా ఆక్రమించారు. దక్షిణ బర్మాలో ఐరావతి నది డెల్టా అప్పటికి చాలావరకు అడవి, చిత్తడి. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక యూరపులో బియ్యానికి గిరాకీ పెరిగింది. అడవి కొట్టి వరి వేయడం మొదలైంది. కొద్ది లక్షల ఎకరాలతో మొదలైన సాగు 1930ల నాటికి 80 లక్షల ఎకరాలు దాటింది. అంత పంట కోయాలి, మిల్లులో ఆడాలి, బస్తాలు మోయాలి, ఓడల్లోకి ఎక్కించాలి. బర్మా రైతు తన పొలం దున్నుకోవడానికి ఇష్టపడ్డాడు గాని, రేవులో బస్తా మోయడానికి అప్పట్లో రాలేదు. ఆ బస్తా మోసింది మనవాళ్ళు.

ఇటువైపు పరిస్థితి ఏమిటి? గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలు. 1866 కరువు గంజాం జిల్లాను పీల్చి పిప్పి చేసింది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852కే పూర్తయింది కదా, అక్కడివాళ్ళెందుకు వెళ్ళారని మాకు సందేహం వచ్చింది. కాలువ నీళ్ళు పొలం ఉన్నవాడికి పారాయి. పొలం లేని మాల, మాదిగ పేటలకు పాలేరుతనమే మిగిలింది. అప్పు తీరేదాకా ఒకే ఇంట్లో జీతం ఉండాలి. అప్పు తీరేది కాదు. తండ్రి అప్పు కొడుక్కి వచ్చేది. అలాంటివాడికి ఓడ కనిపించింది.

కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ, గోపాలపూర్ రేవుల నుంచి స్టీమర్లు నడిచేవి. మారిషస్‌కో, దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కో, ఫిజీకో వెళ్ళినవాళ్ళు ఐదేళ్ళ ఒప్పందం మీద వేలిముద్ర వేసి వెళ్ళారు. చాలామంది మళ్ళీ రాలేదు. బర్మా అలా కాదు. కొద్ది రోజుల ప్రయాణం. కోతలకు, మిల్లుల సీజనుకు వెళ్ళి రెండు మూడేళ్ళు చేసి తిరిగి రావచ్చు, మళ్ళీ పోవచ్చు. అందుకే ఊళ్ళ నుంచి జనం కట్టలు తెగినట్టు వెళ్ళారు. 1920లలో రంగూన్ రేవులో ఏటా దాదాపు 3 లక్షల మంది భారతీయులు దిగేవారు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు 10 లక్షల పైచిలుకు. అందులో తెలుగువాళ్ళు లక్షన్నర దాటారు. అన్నింటికంటే మమ్మల్ని ఆశ్చర్యపరచింది ఇంకొకటి: 4 లక్షల జనాభా ఉన్న రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే! అంటే తమ దేశపు పెద్ద పట్టణంలో బర్మావాళ్ళే మైనారిటీ. ఈ సంగతి గుర్తుంచుకుంటే తర్వాత జరిగింది అర్థమవుతుంది.

పిలుపు

తెలుగువాళ్ళను బర్మాలో "కొరింగీలు" అనేవారు. కాకినాడ దగ్గర కోరంగి అనే పాత ఓడరేవు ఉండేది. ఓడలు కట్టే ఊరు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన వచ్చి ఆ రేవును నాశనం చేశాయి. ఇప్పుడక్కడ మడ అడవులు చూడడానికి బస్సుల్లో వెళుతున్నారు. ఊరు పోయినా ఊరి పేరు సముద్రం అవతల ఒక జాతి పేరుగా నిలిచింది. మొదట అది ఎక్కడివాళ్ళో చెప్పే మాట. రానురాను అది కూలివాడనే తిట్టు అయింది. పిలిచేవాడు ఎవడన్నదాన్ని బట్టి మాట బరువు మారుతుందని మాకు వేరే చెప్పనక్కర్లేదు. మా ఊళ్ళలో మా తాతల్ని పిలిచిన పిలుపులు మాకు తెలుసు.

కొరింగీలు చేసిన పనులు చూడండి: రేవులో బరువులు మోయడం, వడ్ల మిల్లులు, రిక్షా లాగడం, వీధులు ఊడవడం, పాయిఖానాలు ఎత్తడం. పని ఇప్పించేది మేస్త్రీ. అతనే బయానా ఇచ్చి, టికెట్టు కొని, ఓడ ఎక్కించేవాడు. కూలి అతని చేతికి వచ్చేది. అతను తన వాటా పట్టుకుని మిగిలింది ఇచ్చేవాడు. ఒక చిన్న గదిలో పదుల మంది. ఒకరు పనికి వెళితే ఇంకొకరు ఆ చాప మీద పడుకునేవారు. ఎక్కువమంది మగవాళ్ళే వెళ్ళారు. ఊళ్ళలో ఇల్లు, ముసలివాళ్ళు, అప్పులవాళ్ళు, అన్నీ ఆడవాళ్ళే చూసుకున్నారు. మామ్మ మాటల్లో చెప్పాలంటే, "మగోడు రంగంలో, ఆడది రంపంలో". ఆవిడ నవ్వుతూ అన్నదిగాని మేము నవ్వలేకపోయాం.

అయినా ఎందుకు మళ్ళీ మళ్ళీ వెళ్ళారు? డబ్బు ఒక కారణం. రంగం డబ్బుతో పాలేరు అప్పు తీర్చిన వాళ్ళున్నారు, ఎకరం అరెకరం కొన్నవాళ్ళున్నారు, పేటలో పెంకుటిల్లు కట్టినవాళ్ళున్నారు. రెండో కారణం మాకు మరీ ముఖ్యమనిపించింది. రంగూన్ వీధిలో ఎవరి చెప్పులు ఎవరూ విప్పించరు. అక్కడా చాకిరీయే, అక్కడా అవమానమే, కాని ఆసామి ముందు చేతులు కట్టుకుని నిలబడే పద్ధతి లేదు. అలా నాలుగేళ్ళు ఉండి, చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని ఊళ్ళోకి వచ్చినవాడు మళ్ళీ పాత పద్ధతికి ఒప్పుకుంటాడా? 1917లో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన బెజవాడలో పంచముల మహాసభ జరిగి, మేము పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని ప్రకటించుకుంది. ఆ చైతన్యమంతా రంగం నుంచే వచ్చిందంటే అతిశయోక్తి. మిషనరీ బడులున్నాయి, సంస్కర్తలున్నారు, మద్రాసు రాజకీయాలున్నాయి. కాని కోస్తా జిల్లాల్లో ఆ సభలకు కదిలిన జనంలో, బయటి ప్రపంచం చూసొచ్చిన కూలి కుటుంబాలు కూడా ఉన్నాయని మరచిపోకూడదు.

తెలుగు నాటకానికి కూడా రంగూన్ ఎక్కింది. సోమరాజు రామానుజరావు రాసిన "రంగూన్ రౌడీ" నాటకం పరిషత్తుల్లో, తిరునాళ్ళలో ఎంతో పేరు పొందింది. మా వంటమనిషి తాతకు ఆ పేరు తెలుసు. బర్మాలో ఏం జరిగిందో మాత్రం తెలియదు.

1930 మే నెల

ఇక ఘర్షణ సంగతి. 1930 మే నెలలో రంగూన్ రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. ఓడల కంపెనీల తరఫు కాంట్రాక్టర్లు ఏం చేశారంటే, ఊరూరా తిరిగి బర్మా కూలీలను తెచ్చి పని నడిపించారు. ప్రపంచ ఆర్థిక మాంద్యం మొదలైన రోజులు. ధాన్యం ధర కూలిపోయింది. బర్మా రైతులు కూడా పనికోసం పట్టణానికి వస్తున్నారు. కొద్దిరోజులకు కూలి కొంత పెంచడానికి ఒప్పందం కుదిరింది. మే 26 ఉదయం తెలుగువాళ్ళు పనిలోకి వచ్చారు. నిన్నటిదాకా పనిచేసిన బర్మావాళ్ళూ వచ్చారు. మీతో పని లేదు, పొండి అన్నారు వాళ్ళను. ఎగతాళి మాటలు, తోపులాట, తర్వాత కర్రలు, కత్తులు. కొన్ని రోజులపాటు నగరంలో తెలుగు కూలీల వేట సాగింది. వందమందికి పైగా చనిపోయారు. వందలమంది గాయపడ్డారు. వేలమంది ఒక పిచ్చాసుపత్రి ఆవరణలో తలదాచుకున్నారు.

ఇక్కడ మాలో మాకు వాదన జరిగింది. తప్పు బర్మావాళ్ళదే అని కొందరం. కాని ఇంకో సంగతి చూడాలి. అదే కాలంలో వడ్డీ వ్యాపారుల చేతుల్లోకి దక్షిణ బర్మా భూములు పోతున్నాయి. 1930లో ప్రధాన వరి జిల్లాల్లో సుమారు 6 శాతం భూమి చెట్టియార్ల చేతిలో ఉంటే, 1938 నాటికి అది 25 శాతం అయింది. భూమి పోయిన రైతుకు భారతీయుడంటే వడ్డీ వ్యాపారే కనిపించాడు. కాని కత్తికి దొరికింది వడ్డీ వ్యాపారి కాదు, రేవు కూలి. ఇద్దరు కూలీలను తన్నుకోమని వదిలేసిన కాంట్రాక్టరుకు చిన్న గాయం కూడా కాలేదు. చివరికి మేము రాజీపడింది ఈ మాట దగ్గర.

ఆ అల్లర్ల తర్వాతే "దొబామా ఆసియాయోన్", అంటే "మేము బర్మీయులం" అనే సంఘం పుట్టింది. తర్వాత స్వాతంత్ర్య పోరాట నాయకుడైన ఆంగ్ సాన్ అందులోంచి ఎదిగినవాడే. అంటే మన కూలీల మీద జరిగిన అల్లరి ఒక దేశపు జాతీయోద్యమం పుట్టిన రోజులతో ముడిపడి ఉంది. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. 1938లో మళ్ళీ అల్లర్లు.

నడక

1941 డిసెంబర్ 23. జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవులో, వీధుల్లో ఎక్కువగా చనిపోయింది కూలీలే. మిగిలినవాళ్ళు ఊరు విడిచి ఉత్తరంగా ప్రోమ్ రోడ్డు పట్టారు. అప్పుడు జరిగింది వినండి. వాళ్ళు వెళ్ళిపోతే ఓడల్లో సరుకు దించేవాడు లేడు, చెత్త ఎత్తేవాడు లేడు, నగరం ఆగిపోయింది. అందుకని ప్రభుత్వం వాళ్ళకు నచ్చజెప్పి, రక్షణ ఇస్తామని మాటిచ్చి వెనక్కి తీసుకొచ్చింది. ఓడల్లో డెక్ టికెట్లమీద కూలీ మగవాళ్ళు పోకుండా ఆంక్షలు పెట్టింది. ఫిబ్రవరిలో జపాన్ సైన్యం దగ్గరకొచ్చాక ఇక ఎవరి దారి వారిదే అయింది. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతిలో పడింది.

అప్పటికే లక్షలమంది కాలినడకన బయల్దేరారు. కొందరు ప్రోమ్ మీదుగా కొండ దాటి తౌంగప్‌కు, అక్కడి నుంచి పడవలమీద అక్యాబ్‌కు, చిట్టగాంగ్‌కు. ఇంకొందరు ఉత్తరాన తమూ మీదుగా మణిపూర్, ఇంఫాల్, దిమాపూర్. ఆఖరున మిగిలినవాళ్ళు హుకాంగ్ లోయ బురదలోంచి అస్సాంలోని లెడోకు. సుమారు 4 నుంచి 5 లక్షల మంది అలా వచ్చారని అంచనా. దారిలో కలరా, మలేరియా, ఆకలి. పోయినవాళ్ళను పదుల వేలల్లో లెక్కిస్తారు. లెక్క ఎవరూ సరిగా రాయలేదు. మణిపూర్ దారిలో తెల్లవాళ్ళకు ఒక దారి, నల్లవాళ్ళకు ఒక దారి అని వేరు చేశారనే సంగతి అప్పట్లోనే ఢిల్లీ శాసనసభలో గొడవైంది. అస్సాం సరిహద్దులో తేయాకు తోటలవాళ్ళు శిబిరాలు పెట్టి గంజి, టీ ఇచ్చి చాలామందిని బతికించారు. అది కూడా రాయాలి.

మామ్మ తండ్రి మణిపూర్ దారిన వచ్చాడట. మామ్మ అప్పటికి పుట్టలేదు. ఆయన దాని గురించి ఎప్పుడూ మాట్లాడేవాడు కాదట. అన్నం పళ్ళెంలో ఒక్క మెతుకు వదిలితే మాత్రం పిల్లల్ని కొట్టేవాడట. ప్రాణం దక్కించుకుని ఇంటికి చేరాడో లేదో, యుద్ధం ఇక్కడికే వచ్చింది. 1942 ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖపట్నాల మీద కూడా జపాన్ బాంబులు పడ్డాయి.

రెండో తిరుగు ప్రయాణం

యుద్ధం అయ్యాక కొందరు మళ్ళీ వెళ్ళారు. వెళ్ళకుండా అక్కడే ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైంది. 1954 డిసెంబరులో ప్రపంచ బౌద్ధ మహాసభకు డాక్టర్ అంబేద్కర్ వెళ్ళింది ఈ రంగూన్‌కే. మన తాతలు బస్తాలు మోసిన ఊళ్ళో ఆయన వేదిక మీద నిలబడ్డాడన్న సంగతి తెలిసినప్పుడు మా గదిలో చప్పట్లు కొట్టాం.

1962 మార్చిలో జనరల్ నే విన్ సైన్యంతో అధికారం తీసుకున్నాడు. దుకాణాలు, మిల్లులు, బ్యాంకులు ప్రభుత్వపరమయ్యాయి. 1964 మేలో 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. పౌరసత్వం కాగితం లేనివాళ్ళకు ఉద్యోగం లేదు, వ్యాపారం లేదు. ఆ సంవత్సరం నుంచి ఓడల్లో సుమారు 3 లక్షల మంది భారతీయులు వచ్చేశారు. నగలూ డబ్బూ రేవులోనే వదిలి రావలసి వచ్చింది. తెలుగువాళ్ళకు మన రాష్ట్రంలో అక్కడక్కడ బర్మా కాలనీలు వేశారు. విశాఖపట్నం కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అలా పుట్టిందే. ఇప్పటికీ అక్కడ ఖౌస్వే అనే బర్మా నూడుల్స్ దొరుకుతాయి. మేము తిన్నాం. కొబ్బరిపాల పులుసు, పైన వేయించిన వెల్లుల్లి. చాలా బాగుంటుంది. ఇటువైపు నూడుల్స్ వచ్చినట్టే అటువైపు మన సమోసా "సమూసా" అయింది, పరాటా "పలాటా" అయింది. యాంగోన్ వీధుల్లో అవి ఇప్పుడు బర్మా తిండే. కొట్టుకున్న రెండు జాతులు ఒకరి తిండి ఒకరు మానలేదు!

తిరిగొచ్చినవాళ్ళకు ఇక్కడ మరో చిక్కు. అక్కడ వాళ్ళు "కొరింగీలు". ఇక్కడికొస్తే "బర్మావాళ్ళు". అక్కడే పుట్టి, బర్మా బడిలో చదివిన పిల్లలకు తెలుగు మాట్లాడడం వచ్చుగాని చదవడం రాదు. అక్కడే ఉండిపోయినవాళ్ళ చిక్కు వేరు. 1982లో వచ్చిన పౌరసత్వ చట్టం పౌరులను మూడు తరగతులుగా విడదీసింది. మోన్ రాష్ట్రంలో, డెల్టాలో ఇంకా తెలుగు కుటుంబాలున్నాయి. పేరు బర్మా పేరు, ఇంట్లో ఉగాది. ముసలివాళ్ళకు తెలుగు మాట వస్తుంది, పిల్లలు తెలుగు అక్షరాలను సెలవుల్లో పెట్టే తరగతుల్లో నేర్చుకుంటున్నారు.

ఇది ఎనభై ఏళ్ళ కిందటి ముచ్చటే అనుకుంటే పొరపాటు. మా హాస్టల్లో ఉన్నవాళ్ళలో సగంమంది తల్లిదండ్రులు ఇప్పుడు ఊళ్ళో లేరు. చెన్నైలో, హైదరాబాదులో, బెంగళూరులో తాపీ పనులకు వెళ్ళారు. అందుకే మేము హాస్టల్లో ఉన్నాం. 2018 చివర్లో గుజరాత్ వేరావల్ నుంచి చేపల వేటకు వెళ్ళిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుంది. వాళ్ళలో 20 మంది 2020 జనవరిలో విడుదలై వచ్చారు. ఆ మార్చిలోనే లాక్‌డౌన్. మాలో ఒకడి అమ్మానాన్నలు చెన్నై నుంచి కొంత లారీ మీద, కొంత కాలినడకన వచ్చారు. ఆ మేలో కర్ణాటకలో బిల్డర్లు ముఖ్యమంత్రిని కలిసిన తర్వాత వలస కూలీల రైళ్ళు రద్దు చేశారు. విమర్శలు రాగానే మళ్ళీ నడిపారు. ప్రోమ్ రోడ్డు నుంచి కూలీలను వెనక్కి తెచ్చిన సంగతి చదివినప్పుడు మా మిత్రుడు పుస్తకం మూసేసి బయటికి వెళ్ళి కూర్చున్నాడు.

ఇప్పుడు మన ఊళ్ళ చేపల చెరువులకు, ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కూలీలు వస్తున్నారు. వాళ్ళను మనవాళ్ళు ఏ పేర్లతో పిలుస్తున్నారో మాకు తెలుసు. ఆ పేర్లు ఇక్కడ రాయలేదు.

మామ్మ పెట్టె తెరిచి చూపించమని అడిగాం. లోపల రెండు పాత చీరలు, చిల్లులు పడ్డ ఒక గొడుగు, అరెకరం దస్తావేజు ఉన్నాయి. దస్తావేజు మీద తాత వేలిముద్ర ఉంది. పెట్టె కొంటామని పాతసామాన్ల వ్యాపారి రెండుసార్లు వచ్చాడట. మామ్మ ఇవ్వలేదు.

సంక్రాంతి సెలవులకు ఇళ్ళకు వెళ్ళే మిత్రులకు ఒక మనవి. మీ ఇంట్లో, మీ పేటలో రంగం వెళ్ళొచ్చినవాళ్ళ పిల్లలుగాని, మనవలుగాని ఉంటే అడగండి. ఏ రేవు నుంచి వెళ్ళారు, ఏ పని చేశారు, ఎలా తిరిగొచ్చారు, ఏం తెచ్చారు. రాసుకొచ్చి మా గదిలో ఇవ్వండి. వచ్చే ఏడాది సంచికలో వేస్తాం.